పదహారూ ఓడినా మొదటి వంతు వాళ్లకేనా?

అన్నా, 2017లో 16కి 16 మ్యాచ్‌లూ ఓడిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌ని కింది డివిజన్‌కి ఎందుకు నెట్టలేదు, ఆ తర్వాత అభిమానుల ఊరేగింపు దేనికి అని అడిగారు కదా.

వాళ్లాడే లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో అసలు కింది డివిజనే లేదు. ఎంత చెత్తగా ఆడినా ఆ 32 జట్లే. పైగా అట్టడుగున ఉన్నవాళ్లకే మరుసటి డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, మొదటి వంతు. మన ఐపీఎల్ వేలంలా పాట పాడే పనే లేదు.

వంతు దొరికితే చాలదనుకోండి. 2016లో గెలిచింది ఒక్కటే. 2017లో మొదటి వంతుతో డిఫెన్స్ ఆటగాడు మైల్స్ గారెట్‌ని తెచ్చుకున్నారు, అయినా సున్నానే! నన్నడిగితే గొడవంతా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడి దగ్గరే. కొత్త కుర్రాడు డిషోన్ కైజర్ ఆ ఏడు 22 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. బంతి అవతలివాళ్ల చేతిలో పెడుతుంటే డిఫెన్స్ మాత్రం ఎంతసేపు కాస్తుంది?

ఇక ఊరేగింపు సంబరం కాదు, వెక్కిరింపు. 2018 జనవరి చలిలో అభిమానులు స్టేడియం చుట్టూ సున్నా చుట్టినట్టు తిరిగారు.

మళ్లీ గెలుపు ఆ సెప్టెంబర్ 20న న్యూయార్క్ జెట్స్ మీద వచ్చింది, 2016 నాటి గెలుపు తర్వాత 635 రోజులకి. 0-14తో వెనకబడ్డప్పుడు ఆ ఏటి మొదటి వంతు కుర్రాడు, క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ బెంచీ మీంచి దిగాడు. చివరికి 21-17.