ఫీజు డబ్బుకు ఒక్క ఏడాది తొందరపడకండి

ప్రశ్న: మాది వరంగల్. కిరాణా షాపు మీద నెలకు 45 వేలు మిగులుతాయి. మా అమ్మాయి ఇంటర్ పాసైంది. ఇంజినీరింగ్ వద్దు, గ్రాఫిక్ డిజైన్ అంటోంది. ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ల బీడిజైన్‌కు ఏడాదికి 4 లక్షలట. డిగ్రీ లేకుండానే నేర్చుకుంటానని తనే అంటోంది. సుకన్య ఖాతాలో 5.5 లక్షలు, ఎఫ్‌డీలో 3 లక్షలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి మాట కొట్టిపారేయకండి. ఈ పనిలో సర్టిఫికెట్ కంటే ముందు ‘ఏం చేశావో చూపించు’ అంటారు. మొత్తం ఫీజు 16 లక్షల్లో 12 లక్షలు అప్పు తెచ్చారనుకుందాం. 10.5 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు ఈఎంఐ దాదాపు 16,200. చదువుకునే రోజుల వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. కొత్తగా చేరిన డిజైనర్ జీతంలోంచి అది కట్టడం కష్టం. చివరికి మీ గల్లాపెట్టె మీదే పడుతుంది.

అందుకని ఈ ఏడాదికి లక్షా పాతిక వేలు పక్కన పెట్టండి. సగానికి పైగా ల్యాప్‌టాప్‌కే పోతుంది. 16 జీబీ ర్యామ్ ఉన్నదే తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌కు మొదట్లో రూపాయి అక్కర్లేదు, ఫిగ్మా ఉచిత ప్లాన్, ఇంక్‌స్కేప్ చాలు. మిగిలినదాంతో అమీర్‌పేటలో కోర్సు చేయించొచ్చు. నన్నడిగితే మాత్రం మీ ఊళ్లోనే మంచి ప్రింటింగ్ షాపులో ఆరు నెలలు కూర్చోబెట్టమంటాను. శుభలేఖలో పై లైను ఒత్తు కింది లైను గుడికి తగలకుండా ‘అను ఫాంట్స్’ అనే తెలుగు ఫాంట్లతో సర్దడం, స్క్రీన్ మీద మెరిసిన చిలకపచ్చ కాగితం మీద వెలవెలబోవడం అక్కడే తెలుస్తాయి.

‘ఉద్యోగం గ్యారంటీ, జీరో కాస్ట్ ఈఎంఐ’ అనేవాళ్లతో జాగ్రత్త. నా దగ్గరికి వచ్చే ఒకాయన కొడుకు కోసం అలాగే 90 వేలకు సంతకం పెట్టారు. రెండు నెలలకే క్లాసులు ఆగిపోయాయి, ఈఎంఐ ఆగలేదు. అప్పిచ్చింది ఇన్‌స్టిట్యూట్ కాదు, ఫైనాన్స్ కంపెనీ. నెలనెలా ఫీజు తీసుకునే చోటే చేర్చండి.

ఖర్చు ఎఫ్‌డీలోంచి తీయండి. గడువుకు ముందు తీస్తే వడ్డీలో కాస్త కోత పడుతుంది, టెన్షన్ పడేంత కాదు. సుకన్య జోలికి వెళ్లకండి. పన్ను లేకుండా అంత వడ్డీ మీలాంటి వాళ్లకు ఇంకోచోట దొరకడం కష్టం. పైగా పైచదువుకు సగం దాకా తీయాలన్నా అడ్మిషన్ కాగితమో ఫీజు స్లిప్పో చూపించాలి. షార్ట్‌టర్మ్ కోర్సు రసీదుతో పని జరుగుతుందని ఆశ పెట్టుకోకండి.

దీంతోపాటే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి కట్టించండి. డిజైన్ కోసం కాదు, రేపు ప్రభుత్వ నోటిఫికేషన్ పడినా, ఎంబీఏ చేయాలనిపించినా అడుగుతారు. డిజైన్ చదువులకు పేరున్న ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐడీ, నిఫ్ట్‌ల ప్రవేశ పరీక్షలూ రాయించండి. సీటొస్తే సుకన్య డబ్బు అప్పుడు తీద్దాం.

ఏడాది తిరిగేసరికి బయటివాళ్లు డబ్బిచ్చి చేయించుకున్న పనులు ఓ పది తన ఫోల్డర్‌లో కనిపిస్తే, రెండో ఏడాదికీ ఇంతే ఇవ్వండి. బంధువుల పిల్లల బర్త్‌డే ఫ్లెక్సీలే ఉంటే నాకు మళ్లీ రాయండి.