ఓపెన్ సిస్టమ్ పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ పరవాడ ఫార్మా ప్లాంట్‌లో పాత డీసీఎస్ (ప్లాంట్‌ని నడిపే కంప్యూటర్ కంట్రోల్ సిస్టమ్) తీసేసి, వేర్వేరు కంపెనీల సామాను కలిసి పనిచేసే ‘ఓపెన్’ ఆటోమేషన్ పెట్టే పని నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ చెప్పింది. కంపెనీల వాళ్లు వరసగా వచ్చి స్లైడ్లు చూపిస్తున్నారట కదా. వాళ్లని ఒక్కటే అడుగు: “మా కళ్ల ముందు మీ కంట్రోలర్ పీకేసి, వేరే కంపెనీ బాక్స్ పెట్టి, అదే ప్రోగ్రామ్ నడిపిస్తారా?” సూటిగా జవాబు చెప్పినవాళ్లతోనే మిగతా మాటలు మాట్లాడు.

ఎందుకంటే ఈ గొడవంతా మొదలైంది అక్కడే. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకొగావా సెంటమ్ అనే తొలి డీసీఎస్‌లు వచ్చాయి. గోడ నిండా ఉన్న రికార్డర్ల స్థానంలో తెరలొచ్చాయి, మంచే జరిగింది. కానీ కంట్రోలర్, ఐఓ కార్డు (సెన్సర్లు, వాల్వుల తీగలు వచ్చి కలిసేది), స్క్రీను, లైసెన్సు అన్నీ ఒకే కంపెనీవి. ‘ఈ కార్డు ఇక తయారు చెయ్యం’ అని వాళ్లు ఒక ఉత్తరం రాస్తే చాలు, మన చేతులు కట్టేసినట్టే. మేము ఒక్క కార్డు కోసం మూతపడ్డ ప్లాంట్ల స్క్రాప్‌లో వెతికించాం. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ అంతటిదానికీ ఈ తిప్పలు తప్పలేదు. వాళ్ల చొరవతోనే 2016లో ది ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ కింద ఓపెన్ ప్రాసెస్ ఆటోమేషన్ ఫోరం ఏర్పడింది. దాని ఓ-పాస్ ప్రమాణం కొత్తగా కనిపెట్టింది తక్కువే. పరికరాలు మాట్లాడుకోవడానికి ఓపీసీ యూఏ, సైబర్ భద్రతకు ఐఈసీ 62443, ఇలా ఉన్నవాటినే ఏరి ఒకచోట పెట్టింది. 2024లో లూసియానాలోని బాటన్ రూజ్‌లో ఎక్సాన్‌మొబిల్ ఒక రెసిన్ యూనిట్‌ని ఈ పద్ధతిలో నడపడం మొదలుపెట్టింది కూడా. ఉత్త కబుర్లు కావన్నమాట. అయితే వాళ్లు ఏళ్ల తరబడి టెస్ట్‌బెడ్ (ప్రయోగాల సెటప్) మీద కుస్తీ పట్టాకే ప్లాంట్‌లో పెట్టారు. మీ మేనేజ్‌మెంట్ పని కోసం ప్లాంట్ ఆపి నీకు ఒక షట్‌డౌన్ ఇస్తే గొప్ప.

ఐఈసీ 61499 అన్న ప్రమాణం పేరు నీ దగ్గర బాగా వాడతారు. ప్రోగ్రామ్‌ని హార్డ్‌వేర్ నుంచి విడదీసి, ఏ బాక్స్ మీదైనా పెట్టుకోవచ్చన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ ఒక కంపెనీ టూల్‌లో రాసింది ఇంకో కంపెనీ టూల్‌లో తెరిస్తే అన్నీ సరిగ్గా వస్తాయని నమ్మకు. ఇద్దరి రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఒకటే అయితే పని సులువు, కాకపోతే చెయ్యి కాలుతుంది. అందుకే బాక్స్ మార్చే పరీక్షని ఫ్యాట్‌లోనే, అంటే సరుకు పంపే ముందు వాళ్ల దగ్గర జరిగే పరీక్షలోనే చేయించు, టెండర్‌లో రాయించు, దానికి కొంత పేమెంట్ ముడిపెట్టు.

ఇక అసలు పని. నువ్వు టెన్షన్ పడాల్సింది సాఫ్ట్‌వేర్ గురించి కాదు, లూపుల గురించి, అంటే కొలత చూసి వాల్వ్‌ని సర్దే ఒక్కో కంట్రోల్ గురించి. రియాక్టర్ జాకెట్ (చుట్టూ ఆవిరి తిరిగే తొడుగు) టెంపరేచర్ లూప్ తీసుకో. పాత సిస్టమ్‌లో ప్రపోర్షనల్ బ్యాండ్ (తేడా వస్తే వాల్వ్ ఎంత గట్టిగా కదలాలన్న లెక్క) 50 శాతం అని ఉంటుంది. కొత్త బ్లాక్ దాన్నే తిరగేసి గెయిన్‌గా అడిగితే, 100ని 50తో భాగించి, అది 2. అదీ రెండూ శాతాల్లో లెక్క కడితేనే. కొత్తది ఇంజనీరింగ్ యూనిట్లలో లెక్క కడితే ట్రాన్స్‌మిటర్ రేంజినీ పట్టించుకోవాలి. ఇంటిగ్రల్ టైమ్ (మిగిలిన తేడాని ఎంత వేగంగా సర్దాలన్నది) పాతదాంట్లో 4 నిమిషాలు, కొత్తది సెకన్లలో అడుగుతుంది. అక్కడ 240 కొట్టాల్సింది పోయి 4 కొట్టావనుకో, ఇంటిగ్రల్ అరవై రెట్లు వేగంగా లాగి స్టీమ్ వాల్వ్ ఊగిపోతుంది. బ్యాచ్ పోతుంది, తిట్లు మాత్రం ఓపెన్ సిస్టమ్‌కి పడతాయి. కంట్రోలర్‌కీ ఐఓకీ మధ్య నెట్‌వర్క్ తెగితే అవుట్‌పుట్ ఉన్నచోటే నిలబడుతుందా, సున్నాకి పడుతుందా అన్నది ట్యాగ్ ట్యాగ్‌కీ (ఒక్కో పరికరానికీ) చూసుకో. డిఫాల్ట్ ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. స్టీమ్ వాల్వ్ ఉన్నచోటే నిలబడిపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ డ్రాయింగుల్లో దొరకవు. పాత కాన్ఫిగరేషన్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన ఫిల్టరో ర్యాంపో లాంటి సెట్టింగ్ ఉంటుంది, దానికి కారణం కంట్రోల్ రూమ్ బోర్డు మీద నైట్ షిఫ్ట్ చేసే ఆపరేటర్‌కే తెలుసు. టీ తాగుతూ అతనితో ఓ రెండు షిఫ్టులు కూర్చో. అలారం వస్తే ఏం నొక్కుతాడో, ఏ లూప్‌ని మాన్యువల్‌లో పెట్టి నడుపుతాడో రాసుకో. కొత్త స్క్రీన్ల రంగులు కూడా అతన్ని అడిగే పెట్టు.

ప్రమాదం ముంచుకొస్తే ప్లాంట్‌ని ఆపేసే సేఫ్టీ ఇంటర్‌లాకుల సిస్టమ్‌ని దీంట్లో కలపనే వద్దు. 2017లో సౌదీ పెట్రోకెమికల్ ప్లాంట్‌లో ట్రిటాన్ మాల్‌వేర్ దూరింది సేఫ్టీ కంట్రోలర్‌లోకే. సేఫ్టీ సిస్టమ్‌ల ప్రమాణం ఐఈసీ 61511 ప్రకారం దాన్ని విడిగా ఉంచు. కొత్త సిస్టమ్ దాని నుంచి విలువలు చదువుకుంటే చాలు, రాయనివ్వకు. సర్వర్ల విషయానికొస్తే, రెండు పెట్టి రెండూ ఒకే యూపీఎస్‌కి, ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి తగిలించి రిడండెన్సీ (ఒకటి పోతే ఇంకొకటి) అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నువ్వే వెళ్లి కేబుల్ పట్టుకుని చూడు.

మొదట నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంట్‌లోనో సాల్వెంట్ రికవరీ ట్యాంకుల లెవెల్స్‌తోనో మొదలుపెట్టు. బాయిలర్, రియాక్టర్ల జోలికి అప్పుడే వెళ్లకు. మీది ఫార్మా కాబట్టి ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్న రికార్డు), వ్యాలిడేషన్ (సరిగ్గా పనిచేస్తుందన్న రుజువు) తప్పవు. సాఫ్ట్‌వేర్ ప్యాచ్ పడినప్పుడల్లా ఎంత మళ్లీ పరీక్షించాలో క్యూఏ (నాణ్యత విభాగం) వాళ్లతో ముందే కాగితం మీద తేల్చుకో.

ఇంకొకటి, ఒకే కంపెనీ ఉంటే ఆగిపోయినప్పుడు పట్టుకోవడానికి ఒకే కాలర్ ఉండేది. ఇప్పుడు అర్ధరాత్రి ఫోన్ చేస్తే బాక్స్ వాడు నెట్‌వర్క్ అంటాడు, నెట్‌వర్క్ వాడు సాఫ్ట్‌వేర్ అంటాడు. మొత్తానికి పూచీ పడే ఇంటిగ్రేటర్ ఒకడు ఉండాలి. కోడ్, పాస్‌వర్డులు, బ్యాకప్‌లు మాత్రం మీ కంపెనీ పేరు మీదే ఉండాలి. మీ ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లలో ఇద్దరికైనా లినక్స్, నెట్‌వర్కింగ్ నేర్పించే ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో వేయించు. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

టెండర్ డ్రాఫ్ట్ బయటికి వెళ్లే ముందు నాకు పంపు. ఐఓ లిస్ట్, ఇంటర్‌లాక్ చార్ట్ కూడా జతచెయ్యి. ఫ్యాట్ తేదీ ఖాయమైతే చెప్పు, వీలుంటే నేనూ వస్తాను.

మీ మామయ్య,
విశాఖపట్నం