గుమ్మం ముందు గుమ్మడి దీపం

సందేహం: ఆగస్టులో ఇల్లినాయ్‌కి వచ్చాం. షికాగో శివార్లలో అద్దె ఇల్లు. అక్టోబరు వచ్చేసరికి వీధిలో ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు వెలిశాయి. మా ఆరేళ్ల పాప మనమూ చెక్కుదామని రోజూ అడుగుతోంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు మాత్రం దయ్యాల పండుగ మనకెందుకంటున్నారు. చేయవచ్చా? చేస్తే ఎలా చేయాలి?

జవాబు: తప్పకుండా చేయండి. పాప అడిగిందని మాత్రమే కాదు. ఈ దేశంలో ఫోను చేయకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్లరు. పక్కింటివాళ్ల పేరు తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. అలాంటి చోట అక్టోబరు 31న, హాలోవీన్ అనే ఈ పండుగ సాయంత్రం ఒక్కటీ వీధి వీధంతా తలుపులు తెరుచుకుంటాయి. పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ వస్తారు. గుమ్మం ముందు వెలిగే గుమ్మడికాయ, పైన వెలిగే పోర్చ్ లైటు ఉంటే ‘రండి’ అని అర్థం. చీకటిగా ఉన్న ఇంటిని పిల్లలు దాటి వెళ్లిపోతారు. కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది ఆ సాయంత్రం లైట్లార్పి లోపల కూర్చుంటారు, లేదా బయట భోజనానికి వెళ్లిపోతారు. అలా చేయవద్దని నా గట్టి సలహా. ఏడాది మొత్తంలో ఇరుగుపొరుగుతో పరిచయానికి ఇంత తేలికైన రోజు మరొకటి రాదు.

అత్తగారి మాట కొట్టిపారేయకండి, కూర్చోబెట్టి చెప్పండి. ఈ అలవాటు ఐర్లండు నుంచి వచ్చింది. అక్కడ పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే సంధిలో టర్నిప్ దుంపలను తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. చెడును గడప దాటి రానీయకుండా చేయడమే దాని ఉద్దేశం. పందొమ్మిదో శతాబ్దంలో ఐరిష్ వలసదారులు అమెరికాకు వచ్చినప్పుడు వాళ్లకు ఇక్కడి గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కంటే పెద్దది, తొలవడానికి తేలిక. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి దిష్టి తీసే ఇంటి ఆడపడుచులకు ఇందులో కొత్తగా జంకవలసినదేమీ లేదు. పైగా 2024లో హాలోవీన్, దీపావళి ఒకే రోజు వచ్చాయి. ఆ సాయంత్రం మా వీధిలో ప్రమిదలూ గుమ్మడికాయలూ ఒకే మెట్టు మీద వెలిగాయి. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు మొదటి కత్తి పెట్టకూడదని అత్తగారికి పట్టింపు ఉంటే, ఆ మొదటి కోత మీవారి చేత వేయించండి. దానివల్ల ఎవరికీ పోయేదేమీ లేదు, పెద్దావిడ మనసు కుదుటపడుతుంది.

ఇక కాయ కొనడం. మీరున్నది దేశంలో గుమ్మడి అత్యధికంగా పండే రాష్ట్రం. గంట దూరంలో పొలాలుంటాయి, వారాంతాల్లో ట్రాక్టరు బండి ఎక్కించి తీసుకెళ్తారు, పాపే తోటలో తిరిగి తన కాయ ఎంచుకోవచ్చు. సరదాకు ఒకసారి వెళ్లండి. డబ్బు ఆలోచిస్తే మాత్రం కిరాణా దుకాణం బయట పేర్చినవే చవక. ఎక్కడ కొన్నా అడుగు చదునుగా ఉందో లేదో నేల మీద నిలబెట్టి చూడండి. చుట్టూ వేలితో నొక్కి చూడండి, ముఖ్యంగా అడుగున. ఒక్కచోట మెత్తగా తగిలినా వదిలేయండి, అది మూడో రోజుకు నీరు కారుతుంది. తొడిమ పచ్చగా, గట్టిగా ఉండాలి. ఆ తొడిమ పట్టుకుని మాత్రం ఎత్తవద్దు, విరుగుతుంది. విరిగినచోటే కుళ్లు మొదలవుతుంది.

నెల మొదట్లోనే కొనండి, నిండు కాయ వారాల తరబడి నిలుస్తుంది. చెక్కడం మాత్రం 29నో 30నో పెట్టుకోండి. చెక్కిన కాయ ఆయుష్షు చల్లని ఊళ్లలో వారం లోపే. టెక్సాసులోనో ఫ్లోరిడాలోనో ఉన్న బంధువులకైతే రెండు మూడు రోజులే. పిల్లల ఉత్సాహం చూసి రెండు వారాల ముందే చెక్కేస్తే, అసలు రోజుకు బూజు పట్టి ముడుచుకున్న ముఖం మిగులుతుంది.

పనిముట్ల దగ్గర ఒక్క విషయంలో మొండిగా ఉండండి: వంటింటి చాకు వాడవద్దు. గుమ్మడి తొక్క గట్టిది, లోపలి గుజ్జు జారుడుగా ఉంటుంది. చాకు ఇరుక్కుంటుంది, బలంగా లాగితే ఒక్కసారిగా ఊడి రెండో చేతిని కోస్తుంది. ప్రతి అక్టోబరులోనూ ఇక్కడి అత్యవసర వైద్య విభాగాలకు ఈ గాయాలతో వచ్చేవాళ్లు ఉంటారు. కొద్ది డాలర్లకు దొరికే చెక్కుడు పెట్టెలో సన్నని చిన్న రంపం ఉంటుంది. చూడటానికి బొమ్మలా ఉన్నా దాని పళ్లు తొక్కను పట్టుకుని నిదానంగా కోస్తాయి. కోత పెద్దల పని. గీయడం, తొలవడం, గింజలు ఏరడం పిల్లల పని. ఇది ముందే పంచుకుంటే పేచీ ఉండదు.

నేల మీద పాత పేపర్లు పరిచి కూర్చోండి. పైన మూత కోయడం అందరికీ తెలిసిన పద్ధతి. మూత కోస్తే రంపాన్ని లోపలికి ఏటవాలుగా వంచి కోయండి, నిలువుగా కోసిన మూత ఎండి కుంచించుకుని లోపలికి పడిపోతుంది. నాకు నచ్చిన పద్ధతి వేరు. కాయను తిరగేసి అడుగున గుండ్రంగా కోసి, లోపలంతా ఖాళీ చేసి, చివరకు బ్యాటరీ దీపం నేల మీద పెట్టి కాయను దానిపై బోర్లించడం. తొడిమ చెక్కుచెదరకుండా ఉంటుంది, కాయ నిండుగా కనిపిస్తుంది.

తొలవడంలోనే పనితనమంతా ఉంది. ముందు చేత్తో పీచునూ గింజలనూ లాగేయండి. గింజలు విడిగా గిన్నెలో వేయండి, వాటితో పనుంది. తర్వాత గట్టి అంచున్న పెద్ద గరిటెతో గోడను గీకాలి. ఐస్‌క్రీమ్ తీసే గరిటె దీనికి బాగా నప్పుతుంది. చుట్టూ అవసరం లేదు, ముఖం చెక్కే వైపు మాత్రం గోడ ఒక అంగుళం మందానికి రావాలి. టూత్‌పిక్ గుచ్చి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. చాలామంది ఈ దశలో విసుగెత్తి వదిలేస్తారు. గోడ మందంగా ఉంటే రంపం కదలదు, కోసిన ముక్క బయటికి రాదు, రాత్రి వెలుగు కూడా ఆ మందంలోనే ఇంకిపోతుంది. ఇక్కడ పెట్టిన పావుగంట ఎక్కడా వృథా కాదు. పీచు మిగిల్చినా బూజు త్వరగా పడుతుంది.

బొమ్మను కాగితం మీద గీసి కాయకు టేపుతో అంటించండి. గీత వెంట పావు అంగుళానికొకటి చొప్పున గుండుసూదితో గుచ్చుకుంటూ వెళ్లండి. కాగితం తీసేశాక చుక్కలు సరిగా కనిపించవు. గుప్పెడు బియ్యప్పిండి తీసుకుని ఆ భాగమంతా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. తొక్క శుభ్రమవుతుంది, రంధ్రాల్లో పిండి మాత్రం నిలుస్తుంది. నారింజ రంగు మీద తెల్లటి చుక్కలు వరుసగా తేలి, వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. ఇక వాటిని రంపంతో కలుపుకుంటూ పోవడమే. ఈ చుక్కల పని అత్తగారికి అప్పగించి చూడండి.

ఏ బొమ్మ అంటారా? మొదటిసారికి మూడు మూలల కళ్లు, మూడు పళ్ల నోరు చాలు. మనవాళ్లకు తెలుగు అక్షరాలు చెక్కాలని ముచ్చట. ముచ్చటే కానీ మన లిపి గుండ్రనిది. సున్న చుట్టూ కోస్తే మధ్య భాగం ఊడి పడిపోతుంది. ‘అ’, ‘ఠ’, ‘ం’ వంటివి చెక్కాలంటే లోపలి ముక్కను బయటి గోడతో కలుపుతూ అక్కడక్కడ సన్నని వంతెనలు వదలాలి. అంత ఓపిక లేకపోతే తొక్కను మాత్రమే గీకేసి లోపలి పొరను ఉంచండి. దీపం పెట్టినప్పుడు ఆ భాగం తేనె రంగులో మెరుస్తుంది, ఏ ముక్కా ఊడదు. ప్రమిద బొమ్మ చాలా సులువు: కింద నెలవంక లాంటి కోత, పైన విడిగా జ్వాల కోత. ఇంట్లో డ్రిల్లు ఉంటే రంపం జోలికే పోకుండా చిన్నా పెద్దా రంధ్రాలతో ముగ్గు చుక్కలు వేయండి. పగలు ఏమీ కనిపించదు, చీకటి పడ్డాక వాకిలంతా చుక్కల వెలుగే.

కోసేటప్పుడు చిన్న ముక్కలతో మొదలుపెట్టండి, పెద్దవి చివరికి ఉంచండి. ముందే పెద్ద కన్నం పెడితే గోడ బలహీనపడి, సన్నని కోతల దగ్గర విరుగుతుంది. రంపాన్ని తొక్కకు నిటారుగా పట్టుకుని పైకీ కిందికీ ఆడించండి, పక్కకు మెలితిప్పకండి. కోసిన ముక్క బిగిసిపోతే లోపలి నుంచి వేలితో నెట్టండి. పన్ను విరిగితే కంగారు లేదు, సగం టూత్‌పిక్ గుచ్చి అతికిస్తే ఎవరికీ తెలియదు.

చెక్కడం అయ్యాక గాలన్ నీళ్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బ్లీచు కలిపి, కాయను అందులో కాసేపు ముంచి, తీసి తలకిందులుగా ఆరబెట్టండి. బూజు ఆలస్యంగా పడుతుంది. బ్లీచు నీళ్లలో పిల్లల చేతులు పెట్టనీయకండి. పూర్తిగా ఆరిన తర్వాత కోసిన అంచులకు పలుచగా వాజలీన్ రాయండి, తేమ ఎగిరిపోకుండా ఉంటుంది. ముడుచుకుపోయిన కాయను ఒక రాత్రి చల్లటి నీళ్లలో ఉంచితే మళ్లీ బిగువెక్కుతుంది. రాత్రి గడ్డకట్టే చలి ఉంటుందని తెలిస్తే లోపలికి తెచ్చుకోండి. ఒకసారి గడ్డకట్టి కరిగిన గుమ్మడి మెత్తబడి కూలిపోతుంది. ఉడుతల సంగతి చెప్పనక్కర్లేదు, ఒక్కరోజులో నోటిని రెండింతలు చేస్తాయి. పగటిపూట ఇంట్లో ఉంచితే సరి.

దీపం విషయంలో నా మాట వినండి. మనకు దీపమంటే నూనె, వత్తి, మంట. ఆ సాయంత్రానికి మాత్రం బ్యాటరీ దీపమే పెట్టండి. మెట్ల మీద ఎండుటాకులు ఉంటాయి. పిల్లలు నేలను రాసుకునే పొడవాటి అంగీలు, సింథటిక్ గుడ్డలు వేసుకుని, ముఖానికి తొడుగు వల్ల పక్కచూపు సరిగా ఆనక, పరుగున వస్తారు. మంటకు ఆ గుడ్డ తగిలితే ఆలోచించే వ్యవధి ఉండదు. వణుకుతున్నట్టు మినుకుమనే బ్యాటరీ దీపాలు దొరుకుతాయి, పెద్ద కాయకు రెండు పెడితే వెలుగు చాలుతుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారికి చాలాచోట్ల బాల్కనీలో మంట పెట్టడమే నిషేధం. నడవలో వస్తువులు పెట్టవచ్చో లేదో కూడా ముందే అద్దె కార్యాలయంలో అడగండి. ఎక్కడ పెట్టినా కింద ఒక పళ్లెం ఉంచండి, గుమ్మడి రసం సిమెంటుకు మరక పట్టిస్తుంది.

మీ వైపు ఆ రోజు సూర్యుడు సాయంత్రం 5:45 ప్రాంతంలో అస్తమిస్తాడు. చిన్న పిల్లలు అంతకుముందే బయలుదేరతారు, కాబట్టి ఐదింటికే సిద్ధంగా ఉండండి. సమయాలు చాలా పట్టణాలు ముందే ప్రకటిస్తాయి, మీ ఊరి వెబ్‌సైటులో చూడండి. విడివిడిగా కాగితం చుట్టిన మిఠాయిలే పెట్టండి. సున్నుండలో అరిసెలో ఎంత ప్రేమతో చేసినా ఆ రోజు ఇవ్వకండి. తెలియని ఇంటి నుంచి వచ్చిన చేతి వంటకాన్ని ఇక్కడి తల్లిదండ్రులు పిల్లల్ని తిననివ్వరు. వేరుశనగ పడని పిల్లలు ఇక్కడ చాలామంది ఉంటారు. ఒక చిన్న గుమ్మడికాయకు నీలం, ఆకుపచ్చ కలిసిన ‘టీల్’ రంగు వేసి పెడితే, మీ దగ్గర తినేవి కాకుండా స్టిక్కర్లు, పెన్సిళ్లు వంటివి కూడా ఉన్నాయని గుర్తు. 2014 నుంచి దేశమంతటా పాకిన మంచి పద్ధతి ఇది. అలర్జీ ఉన్న పిల్లవాడి తల్లి ఆ రంగు చూసి మీ మెట్లెక్కితే, ఆ స్నేహం నిలుస్తుంది.

గింజల సంగతి. పీచు పోయేలా కడిగి, ఉప్పునీటిలో పది నిమిషాలు ఉడికించి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత చెంచాడు నూనె, ఉప్పు, కారం పట్టించి 325 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఇరవై నిమిషాల పైన, మధ్యలో ఒకసారి కలుపుతూ వేయించండి. తడి ఉంటే నమలలేనంత సాగుతాయి, అందుకే ఆరబెట్టడంలో తొందరపడవద్దు.

చెక్కిన కాయను మాత్రం కూరకు వాడకండి. బయట ఉన్నది, బ్లీచు తగిలింది. తాజాగా ఉన్నప్పుడు కూడా చెక్కుడు రకాల గుజ్జు చప్పగా, నీళ్లగా ఉంటుంది. పులుసుకో దప్పళానికో బటర్‌నట్ స్క్వాష్ కొనండి. మన తీపి గుమ్మడీ అదీ ఒకే జాతివి, రుచి దగ్గరగా వస్తుంది. అసలు మన తీపి గుమ్మడి పుట్టిల్లు కూడా ఈ అమెరికా ఖండాలే. వలస వచ్చి మన వంటింట్లో స్థిరపడిన కాయ అది. బూడిద గుమ్మడి ఒక్కటే ఆసియాది. అత్తగారికి వడియాల మీద మనసు పుడితే భారతీయ దుకాణంలో వెతకండి.

పండుగ అయ్యాక కాయను నవంబరు అంతా గుమ్మం ముందు ఉంచకండి. దీపం, మేకులు, టూత్‌పిక్‌లు తీసేసి, రంగు వేయనిదైతే తోట వ్యర్థాల డబ్బాలో వేయవచ్చేమో మీ ఊరి నియమాల్లో చూడండి. ఇల్లినాయ్‌లో చాలా పట్టణాలు హాలోవీన్ తర్వాతి శనివారం గుమ్మడికాయలను సేకరించి కంపోస్టుకు పంపుతాయి. పాపను వెంట తీసుకెళ్లండి, కాయను విసిరి పగలగొట్టనిస్తారు కొన్నిచోట్ల. జంతువులకు మేతగా తీసుకునే పొలాలూ ఉన్నాయి. అక్కడికి తీసుకెళ్లేది బ్లీచు, వాజలీన్, రంగు ఏదీ తగలని కాయ అయి ఉండాలి. అందుకే కొనేటప్పుడే ఒకటి అదనంగా కొని, చెక్కకుండా అలాగే ఉంచుకోండి.