ముందు మార్కెట్, తర్వాతే రెస్టారెంట్

అబ్బాయిది పటమట, అమ్మాయిది గుంటూరు. పెళ్లయ్యాక డాలస్‌లో కొత్త కాపురం పెట్టారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే సెలవు కలుపుకుని మూడు రోజులు శాన్ ఫ్రాన్సిస్కో వెళ్దామని వాళ్ల ఆలోచన. అప్పటికి అబ్బాయి అమ్మానాన్నలు కూడా విజయవాడ నుంచి వస్తారట. ఆ పెద్దవాళ్లిద్దరూ శాకాహారులు. "అక్కా, చూడాల్సినవి మేం చూసుకుంటాం, తిండి సంగతి చెప్పండి. ఆ ఊరు వెళ్లేదే తినడానికి అంటారు కదా. అత్తయ్యగారూ వాళ్లతో వెళ్తే మూడు పూటలా మళ్లీ దోసెలూ పన్నీర్ కూరలేనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

అక్కర్లేదు. పైగా మీ అత్తయ్యగారు పక్కనుండటం ఈ ట్రిప్‌కి కలిసొచ్చే విషయం. స్వరాజ్ మైదానం రైతు బజారులో ఏళ్ల తరబడి కూరగాయలు ఏరి కొన్న మనిషికి కాయ ముదురో లేతో, పండు మాగిందో పచ్చిదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లో బాగా తినడానికి ముందు కావాల్సింది ఆ కన్నే.

నేను సెలవులకి గుంటూరు వచ్చి బ్రాడీపేటలో అమ్మ దగ్గర ఉన్నాను. ఆగస్టులో బయల్దేరే పిల్లలు చాలామంది ఇంటికొచ్చి ఇలాంటివే అడుగుతున్నారు. అందరూ ఫోన్‌లో రేటింగులు చూసి పది రెస్టారెంట్ల పేర్లు రాసుకుంటున్నారు. అలా వెళ్తే రోజంతా క్యూలలో నిలబడటమే సరిపోతుంది, ఏం తిన్నారో గుర్తుండదు. నేను చెప్పేది వేరు. శనివారం పొద్దున్నే మార్కెట్‌తో మొదలుపెట్టండి. ఆ వారం ఏ పంట బాగా వచ్చిందో చూసి, రుచి చూసి, రాత్రికి రెస్టారెంట్ మెనూలో దాన్నే వెతకండి. అక్కడి మంచి వంటవాళ్లు చాలామంది సరుకు కొనేది కూడా ఆ మార్కెట్లలోనే. పక్కనే ఉన్న బర్క్‌లీలో ఆలిస్ వాటర్స్ 1971లో షే పనీస్ రెస్టారెంట్ పెట్టి, రైతు దగ్గర ఆరోజు ఏది బాగుంటే దాన్నిబట్టే మెనూ రాయడం అలవాటు చేశారు. ఆ ప్రాంతమంతా ఇప్పుడు అదే దారిలో వండుతుంది.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఫెర్రీ బిల్డింగ్ దగ్గరి రైతు మార్కెట్ మంగళ, గురు, శనివారాల్లో జరుగుతుంది. శనివారానిదే పెద్దది, పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉంటుంది. సముద్రం ఒడ్డున 1898లో కట్టిన గడియారం టవర్ భవనం కనిపిస్తుంది, దాని చుట్టూనే దుకాణాలు. ట్రైన్‌లో వస్తే ఎంబార్కడేరో స్టేషన్‌లో దిగి రెండడుగులు వేస్తే చాలు. ఎనిమిదికే వెళ్లండి. పది దాటితే పెద్దవాళ్లు నిలబడి చూడలేనంత రద్దీ. స్వెటర్లు మర్చిపోవద్దు, ఎండాకాలంలో కూడా పొద్దున్న పొగమంచూ చలిగాలీ ఉంటాయి. చేతిసంచీ మీరే తీసుకెళ్లండి. ఆ ఊళ్లో 2007లోనే ప్లాస్టిక్ సంచులని నిషేధించారు.

సర్టిఫైడ్ ఫార్మర్స్ మార్కెట్ అని బోర్డు ఉందంటే అక్కడి రైతు తాను పండించిన పంటే అమ్మాలి. కౌంటీ వ్యవసాయ అధికారి ఇచ్చిన పత్రం దుకాణంలో కనపడేలా పెట్టుకుంటాడు. మన రైతు బజార్లలో రైతులకి ఫొటో కార్డులు ఇచ్చారు కదా, ఆ పద్ధతే. కాలిఫోర్నియా వాళ్లు 1977లో నిబంధనలు సడలించి నేరుగా అమ్ముకోవడం తేలిక చేశారు, మనవాళ్లు 1999లో రైతు బజార్లు పెట్టారు. రెండుచోట్లా ఉద్దేశం ఒకటే, మధ్యలో దళారీ ఉండకూడదు. తేడా ధర దగ్గరొస్తుంది. మన దగ్గర అధికారులు రేటు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు, అక్కడ రైతు తన ధర తానే పెట్టుకుంటాడు. అందుకే ఫెర్రీ బిల్డింగ్ దగ్గర ధరలు సూపర్ మార్కెట్ కన్నా ఎక్కువే ఉంటాయి. మావయ్యగారు ప్రతి డాలరునీ రూపాయల్లోకి మార్చి బెంగ పెట్టుకుంటే, అక్కడ నాలుగు పళ్లు మాత్రం కొని మిగతా కొనుగోలు చవగ్గా దొరికే అలెమనీ మార్కెట్‌లో పెట్టుకోండి.

అక్కడ బేరం ఆడరు. కొసరు కూడా అడగకండి. అత్తయ్యగారికి ఈ రెండు ముక్కలూ ముందే చెప్పి ఉంచండి. పీచ్ పళ్లని నొక్కి చూస్తే రైతులకి నచ్చదు, వాసన చూడొచ్చు. రుచికి ముక్కలు కోసి పెడతారు, మొహమాటపడకుండా తినండి. "ఈరోజు ఏది బాగుంది?" అని అడిగితే సంతోషంగా చెబుతారు. దెబ్బ తగిలినవీ మరీ మాగినవీ కొందరు విడిగా పెట్టి సగం ధరకే ఇస్తారు. వాటిని సెకండ్స్ అంటారు. ఆ ఊళ్లోనే ఉండేవాళ్లయితే టమాటా నిల్వ పచ్చడికి అంతకన్నా మంచి సరుకు దొరకదు.

టమాటా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మీరు వెళ్లే రోజుల్లో డ్రై ఫార్మ్‌డ్ ఎర్లీ గర్ల్ అని రాసిన చిన్న టమాటాలు కనిపిస్తాయి. మొక్క నిలదొక్కుకున్నాక ఇక నీళ్లు పెట్టరు. శీతాకాలం వానలకి నేలలో నిలిచిన తేమతో, సముద్రం మీంచి వచ్చే చల్లదనంతో కాయ నిలబడుతుంది. దిగుబడి తక్కువ, కాయ చిన్నది, కండ చిక్కన. కోస్తే నీళ్లు కారవు. పులుపూ తీపీ రెండూ గట్టిగా తగులుతాయి, మన నాటు టమాటాని ఇష్టపడేవాళ్లకి వెంటనే తెలుస్తుంది. ఫెర్రీ బిల్డింగ్‌లోనే పుల్లటి సవర్‌డో బ్రెడ్ కొనుక్కుని, ఒడ్డున బెంచీ మీద కూర్చుని, టమాటా చక్రాల మీద ఉప్పు చల్లి, ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి కాస్త వేసుకుని తినండి. చాకు చెక్ఇన్ సామానులో పెట్టుకోవాలి, చేతిబ్యాగులో రానివ్వరు. ఆ రాత్రి రెస్టారెంట్‌లో టమాటా సలాడ్ ఇరవై డాలర్లని మెనూలో కనిపించినా, ఎందుకంత ధరో పెద్దవాళ్లకి అర్థమవుతుంది.

మిరపకాయల దగ్గరా ఇదే చేయొచ్చు. పచ్చగా, పొట్టిగా ఉండే పాడ్రోన్ కాయల్ని రెస్టారెంట్లలో నూనెలో మాడేలా వేయించి ఉప్పు చల్లి ఇస్తారు. చాలావరకు కారం ఉండవు, మధ్యలో ఒకటి మాత్రం చురుక్కుమంటుంది. అత్తయ్యగారికి అవి తప్పకుండా తినిపించండి. హలపేనో మిరప మనకి లెక్కలోది కాదు, కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో 2,500 నుంచి 8,000 మధ్య ఉంటుంది. మన గుంటూరు సన్నం 35,000 దాటుతుంది. కానీ నారింజ రంగులో బుడ్డిగా ముద్దొచ్చే హబనేరో లక్ష నుంచి మొదలవుతుంది. గుంటూరు వాళ్లమని దాన్ని కొరకొద్దు.

అలెమనీ మార్కెట్ ఊరికి దక్షిణం వైపు ఉంది, అదీ శనివారమే. 1943లో మొదలైన ఈ మార్కెట్ కాలిఫోర్నియాలో మొదటి రైతు మార్కెట్. ఆడంబరం లేదు, చవక. ఆసియా దేశాల నుంచి వచ్చిన రైతుల దగ్గర ఆకుకూరలు, కాకరకాయలు, పొడుగు బీన్స్ చూస్తే మీ వాళ్ల మొహాలు విప్పారతాయి. ఎక్కడైనా సారెల్ అని పుల్లటి ఆకు కనపడితే గోంగూర అనుకుని కొనకండి. అది మన చుక్కకూర జాతిది, పప్పులో బాగుంటుంది. ఆదివారం వెళ్లాలనుకుంటే సివిక్ సెంటర్ దగ్గర ఇంకో మార్కెట్ ఉంది, అది బుధవారం కూడా జరుగుతుంది.

గోంగూర కావాలంటే బర్మీస్ రెస్టారెంట్‌కి వెళ్లండి. క్లెమెంట్ స్ట్రీట్ వైపు మంచివి ఉన్నాయి. మెనూలో సోర్ లీఫ్ అని కనిపిస్తే అది మన గోంగూరే. టీ ఆకు సలాడ్ తప్పకుండా చెప్పండి. నానబెట్టి పులియబెట్టిన తేయాకు, వేయించిన వెల్లుల్లి, వేరుశనగలు, నువ్వులు, నిమ్మరసం, అన్నీ టేబుల్ దగ్గరే కలుపుతారు. మన నోటికి పరాయిగా అనిపించదు. ఇలాంటి వంటల్లో ఎండు రొయ్యలూ చేప సాసూ మామూలు, కాబట్టి శాకాహారం అని ముందే చెప్పి, అవి లేకుండా చేయించుకోవాలి.

ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. "వెజిటేరియన్" అంటే సరిపోదు. మాంసం, చేప, చికెన్ ఉడికించిన నీళ్లు ఏవీ వద్దని విడివిడిగా చెప్పండి. మెక్సికన్ హోటళ్లలో రుబ్బిన బీన్స్‌లో పందికొవ్వు వేస్తారు కొందరు, అన్నం చికెన్ నీళ్లతో వండుతారు. మిషన్ ప్రాంతంలో రొట్టెలో అన్నం, బీన్స్ చుట్టిచ్చే బరీటో తినాల్సిందే, కానీ ఈ రెండూ అడిగి తినండి. జపనీస్ మీసో సూప్‌లో చేప ఉంటుంది, సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లోనూ ఉంటుంది. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. అసలైన పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసిన, పాలు గడ్డకట్టించే రెన్నెట్‌తో చేస్తారు. పెద్దవాళ్ల పట్టింపు ఎంతవరకో ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్తే టేబుల్ దగ్గర టెన్షన్ ఉండదు.

ఏ అనుమానం లేకుండా ఒక పూట కూర్చోబెట్టాలంటే ఫోర్ట్ మేసన్‌లోని గ్రీన్స్ ఉంది. 1979లో ఆ ఊరి జెన్ బౌద్ధుల కేంద్రం వాళ్లు మొదలుపెట్టిన పూర్తి శాకాహార రెస్టారెంట్. కిటికీలోంచి గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. మీ ఖరీదైన భోజనం ఇదొక్కటి చాలు. వారాల ముందే టేబుల్ బుక్ చేయండి. ఏడు గంటలకి దొరక్కపోతే ఐదున్నరకి తీసుకోండి. విజయవాడలో తొమ్మిదింటికి తినే అలవాటు అక్కడ పనికిరాదు, చాలాచోట్ల తొమ్మిదీ తొమ్మిదిన్నరకల్లా వంటగది కట్టేస్తారు. సోమవారం చాలా రెస్టారెంట్లకి సెలవు, పైగా అది లేబర్ డే. అందుకని పెద్ద భోజనం శనివారమో ఆదివారమో పెట్టుకోండి.

బిల్లు విషయం. సేల్స్ టాక్స్ 8.6 శాతం పైన. కొన్నిచోట్ల ఊరి నిబంధనల పేరుతో ఇంకో నాలుగైదు శాతం సర్‌చార్జీ కలుపుతారు. టిప్పు 18 నుంచి 20 శాతం, టాక్స్ కలపక ముందు మొత్తం మీద. అంటే 100 డాలర్ల భోజనానికి కట్టేది దాదాపు 130 అవుతుంది, సర్‌చార్జీ ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఆరుగురు పైబడితే టిప్పు వాళ్లే కలిపేస్తుంటారు, చూసుకోకపోతే రెండుసార్లు ఇస్తారు. నీళ్లు ఏవి కావాలని అడిగితే ట్యాప్ వాటర్ అనండి, సీసా నీళ్లకి బిల్లు వేస్తారు. మిగిలింది పెట్టెలో కట్టించుకోవడంలో సిగ్గేమీ లేదు, అందరూ చేసేదే.

తిరుగు ప్రయాణంలో తేనె, జామ్ సీసాలు చెక్ఇన్ చేసే సూట్‌కేసులో పెట్టండి, చేతిబ్యాగులో తీయించేస్తారు. మరొకటి, విజయవాడలో ఉన్న మీ వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి: పచ్చి కరివేపాకు, గోంగూర కట్టలు, మామిడిపళ్లు సూట్‌కేసులో పెట్టొద్దు. నిమ్మ జాతి తోటలకి తెగులు తెచ్చే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. కారప్పొడి, పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. తినే వస్తువు ఏదున్నా దిగగానే కస్టమ్స్ వాళ్లకి చెప్పాలి. దాచి దొరికితే జరిమానా పడుతుంది.