కోట లోపలి పాత ఇల్లు పడగొట్టి ఇందిరమ్మ ఇల్లు కట్టుకోవచ్చా?

ఇల్లు మాత్రం పడగొట్టకండి. కాగితాల సంగతి తేలేదాకా ఒక్క గోడ మీద కూడా గునపం పడనివ్వకండి. ఎందుకో కింద చెప్తాను.

మీరు రాసింది ఇదీ. ఇల్లు ఖిలా వరంగల్‌లో, రాతికోట లోపల. నాన్నమ్మ కాలం నాటి మట్టి గోడల పెంకుటిల్లు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. తీరా ముగ్గు పోసేసరికి ఇది నిషేధిత ప్రాంతం, కట్టడానికి వీల్లేదని ఆపేశారు. కట్టుకోమని డబ్బిచ్చేదీ ప్రభుత్వమే, కట్టొద్దనేదీ ప్రభుత్వమే, ఎవరి మాట వినాలి అని అడిగారు. ఎండలకి ఆ ఇంట్లో ఉండలేకపోతున్నామని కూడా రాశారు. మా ఇల్లూ కోట లోపలే. ఇదే చిక్కు మేమూ పడ్డాం కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మిమ్మల్ని ఆపింది ఉత్త బెదిరింపు కాదు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం. అది దాటాక ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత మొదలయ్యేది రక్షిత హద్దు నుంచి. అందుకే "మా ఇంటికీ కీర్తి తోరణాలకీ చాలా దూరం ఉంది కదా" అన్న వాదన నిలవదు. నిషేధిత ప్రాంతంలో కొత్తగా కడితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మీ ఇల్లు 100 మీటర్ల లోపలో, 100 నుంచి 300 మధ్యలోనో ముందు తేల్చుకోండి. నోటి మాటగా చెప్పింది నమ్మకుండా రాతపూర్వకంగా తీసుకోండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. "ఉన్న కొలతల్లోనే కడతాం, ఒక్క అడుగు కూడా జరగం, ఇంకేం అభ్యంతరం?" అంటారు. చట్టం మాత్రం మూడు పనుల్ని మూడు రకాలుగా చూస్తుంది: కొత్త నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు. పడగొట్టి అదే కొలతల్లో, అదే ఎత్తులో మళ్లీ లేపితే అది పునర్నిర్మాణం. నియంత్రిత ప్రాంతంలో అయితే దానికి అనుమతి అడగొచ్చు. నిషేధిత 100 మీటర్లలో అడగగలిగేది మరమ్మతుకీ నవీకరణకీ మాత్రమే. అంటే ఇల్లు నిలబడి ఉన్నంతకాలమే దాని మీద మీకు దారి ఉంది. పడగొట్టిన మరుక్షణం మీ చేతిలో మిగిలేది ఖాళీ జాగా, అందులో ఏదీ లేపలేరు. మా వాడకట్టులోనే ఒక కుటుంబం ముందు ఇల్లు విప్పేసి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇప్పుడు వాళ్లు కోట బయట అద్దెకుంటున్నారు.

మరమ్మతు అనుమతికి ముఖ్యమైన తేదీ 1992 జూన్ 16. నిషేధిత ప్రాంతంలో ఉన్న ఇల్లు ఆ తేదీకి ముందు నుంచీ ఉందని, లేదా తర్వాత అనుమతితోనే కట్టిందని చూపించాలి. పాత ఇంటిపన్ను రసీదు, కరెంటు కనెక్షన్ కాగితం, ఇంటి నంబరు ఉన్న పాత రికార్డు, ఏది దొరికితే అది దాచిపెట్టుకోండి. మాకు అమ్మ పెట్టె అడుగున, పెళ్లి పత్రికల మధ్య మడిచిపెట్టిన రసీదొకటి దొరికింది. దానితోనే పని జరిగింది. దరఖాస్తు కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అనుమతుల కోసం నియమించిన అధికారికి వెళ్తుంది, వాళ్లు 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి (ఇలాంటి అనుమతులు పరిశీలించే కేంద్ర సంస్థ) పంపాలి, అక్కడ రెండు నెలల్లో తేల్చాలి, ఆ తర్వాత నెలలోపు మీకు జవాబు రావాలి. ఇది చట్టంలో ఉన్న లెక్క. మాకు అంతకంటే చాలా ఎక్కువ కాలమే పట్టింది. ఫొటోలు సరిగా లేవని ఒకసారి, కొలతల డ్రాయింగు లేదని ఇంకోసారి తిప్పి పంపారు. ఆ రెండూ ఏం కావాలో మొదటి రోజే ఒక కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. చదువుకున్న మాకే అంత టెన్షన్ అయితే, కూలికి పోయేవాళ్లు పని మానుకుని ఎలా తిరుగుతారు? ఈ ఒక్క విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మీకు కోట బయట ఎక్కడైనా సొంత జాగా ఉంటే, మంజూరైన ఇల్లు అక్కడికి మార్చడం కుదురుతుందేమో హౌసింగ్ వాళ్లని అడగండి. జాగా లేక, ఇల్లు 100 మీటర్ల లోపలే ఉంటే మరమ్మతే దారి. అది చేతకాక ఎంచుకునే దారి అనుకోకండి. మా ఇంటి సంగతి చెప్తాను.

నాన్నకి స్లాబు వేయాలని ఎప్పటి నుంచో కోరిక. ఆ కోరికకి కారణాలున్నాయి, కొట్టిపారేయలేం. కోతులు పెంకులు బతకనివ్వవు. ఏటేటా వానలకి ముందు ఇల్లు కప్పించాలి. గూన పెంక చేసే కుమ్మరులు లేరు. వాన పడితే గిన్నెలు పెట్టుకుని కూర్చోవాలి. ఈ బాధలు పడలేకే చాలామంది పెంకులు తీసేసి సిమెంటు రేకులు వేసుకున్నారు. కోతుల బెడద తగ్గింది, ఎండ మాత్రం నెత్తి మీదకొచ్చింది. మీరు వేడి అన్నారు కదా, మీ ఇంటి పైకప్పు రేకులేమో, గోడలకి సిమెంటు పూత ఉందేమో ఒకసారి చూడండి. మా ఇంట్లో ఆ రెండూ ఉన్నాయి. అసార మీద రేకులు, గోడలకి బయటా లోపలా సిమెంటు ప్లాస్టరింగు. ఇల్లు గట్టిపడుతుందని ఎప్పుడో చేయించారు.

2023 జూలై వానలకి వెనక గోడ ఉబ్బింది. ఎండాకాలం దాకా ఆగి పని మొదలుపెట్టాం. సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రి ఒకాయన దొరికాడు. ఆయన సిమెంటు పూతని పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంటే లోపల మట్టి తడిగా ఉంది. నడి ఎండాకాలంలో! వేలు పెడితే దిగబడింది. మట్టి గోడ నేల నుంచి చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మకి బయటికి పోయే దారి ఉండదు. అడుగున మెత్తబడి, ఉప్పు పట్టి, ఒక పెద్ద వానకి కూలిపోతుంది. "మట్టిల్లు బలహీనం" అని మనం అనుకునేదాంట్లో సగం ఈ సిమెంటు చేసిన పనే.

ఉబ్బిన భాగం వరకే తీసి మట్టితోనే మళ్లీ పెట్టించాం. గోడలకి ఇసుక కలిపిన సున్నం పూత, పైన తెల్ల సున్నం. రేకులు తీసేసి, విప్పేసిన పాత ఇళ్ల నుంచి కొన్న పెంకులు కప్పించాం, కొప్పు వరసని సున్నంలో పరిపించాం. పుచ్చిన వాసాలు మార్చాం, దూలాలు బాగానే ఉన్నాయి. గోడల చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తీయించాం. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అదే. ఖర్చు కొత్త ఇంటికి అయ్యేదాంట్లో సగం కూడా కాలేదు, అయితే ఆ డబ్బంతా మా జేబులోదే. కోతులకి మాత్రం పూర్తి మందు దొరకలేదు, ఇప్పటికీ ఏడాదికి కొన్ని పెంకులు మార్చాల్సిందే.

బయట 44 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం నడిమి అర్రలో కింద చాప వేసుకుని పడుకోగలుగుతున్నాం. మందపాటి మట్టి గోడ ఎండని లోపలికి రానివ్వడానికి చాలా సమయం తీసుకుంటుంది. స్లాబు ఇల్లు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని లోపలికి వదులుతుంది. ఏసీ కొనలేని ఇంట్లో పసిపిల్లలకీ ముసలివాళ్లకీ ఆ రాత్రి వేడే అన్నిటికంటే ప్రమాదం. మట్టి మీద నమ్మకం కుదరకపోతే మన ఊళ్లోనే ఉన్న మట్టికోట చుట్టూ ఒకసారి నడిచి రండి. రాతికోట బయట ఉన్న ఆ మట్టి ప్రాకారం కాకతీయుల నాటిది.

అయితే ఒక హెచ్చరిక. గోడ ఒరిగిపోయినా, పైనుంచి కింద దాకా బీట పడినా, దూలం గోడలోంచి జారినా ఆ ఇంట్లో ఉండకండి. ముందు పిల్లల్ని తీసుకుని బయటికి రండి, అనుమతుల సంగతి తర్వాత. వానాకాలంలో ఇలాంటి గోడలు చెప్పి కూలవు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, ఎవరి మాట వినాలని. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చట్టం తప్పు కాదు. ఆ నిబంధన లేకపోతే తోరణాల పక్కనే నాలుగంతస్తులు లేచి ఉండేవి. హైదరాబాదులో చూశాం కదా, పాత భవనాలకి రక్షణగా ఉన్న 13వ నిబంధనని 2015లో తీసేశారు, ఆ తర్వాత పాత ప్యాలెస్ ఎర్రమంజిల్‌ని పడగొట్టి అసెంబ్లీ కడదామనుకున్నారు, 2019లో హైకోర్టు అడ్డుపడబట్టి అది మిగిలింది. తప్పెక్కడుందంటే, కోటని కాపాడే భారం మొత్తం అందులో కాపురముంటున్న పేదవాళ్ల మీద వేసి వదిలేయడంలో ఉంది. ఇందిరమ్మ పథకం 5 లక్షలు ఇస్తుంది, కానీ కొత్త ఇంటికే, పనయ్యే కొద్దీ విడతలుగా. నిషేధిత ప్రాంతంలో పురావస్తు చట్టం మరమ్మతుకే ఒప్పుకుంటుంది. ఒకరు డబ్బిచ్చే పనిని ఇంకొకరు ఒప్పుకోరు, ఒప్పుకునే పనికి డబ్బిచ్చేవాళ్లు లేరు. కోటలోని ఇలాంటి ఇళ్లు ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నాయి.

వాతావరణం పేరుతో చేసే విధానాలూ వీళ్ల దాకా రాలేదు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ (ఎండ వేడిని లోపలికి రానివ్వని పైకప్పుల విధానం) తెచ్చింది, 2028 దాకా అమల్లో ఉంటుంది. దేశంలో ఇలాంటిది తెచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనదీ ఒకటి, అది మంచి పనే. కానీ ఇళ్లకి వచ్చేసరికి తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకి. రేకుల కింద ఉడికిపోయే 60 గజాల ఇంటికి అది స్వచ్ఛందం, అంటే ఎవరి ఖర్చు వాళ్లది. అసలు సున్నం కొట్టిన గోడ, పెంకుల కప్పు, మధ్యలో గాలి ఆడే చోటు ఉన్న ఇల్లు ఆ పాలసీ కోరుకునే పనిని ఎప్పటి నుంచో చేస్తోంది. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం ఒక్క సిమెంటు తయారీదే. సున్నం కాల్చినా కార్బన్ వస్తుంది, కాదనను, కానీ గోడ మీద గట్టిపడేటప్పుడు కొంత తిరిగి పీల్చుకుంటుంది. పైగా నిలబడి ఉన్న మట్టి గోడకి కొత్తగా కాల్చాల్సింది ఏమీ లేదు. ఆ ఇంటిని పడగొడితేనే సాయం చేస్తాననే పథకాన్ని పేదల ఇళ్ల పథకం అనొచ్చు గానీ, వాతావరణం గురించి ఆలోచించిన పథకం అనలేం.

కదలిక బొత్తిగా లేదని కాదు. అన్ని కట్టడాలకీ ఒకే 100, 300 మీటర్ల కొలత పెట్టడం స్థానికులకి ఇబ్బందిగా ఉందని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా అంది. ఏ కట్టడానికి ఆ కట్టడానికి విడిగా హెరిటేజ్ బైలాలు రాయాలని 2010 చట్టంలోనే ఉంది, చాలా వాటికి ఇంకా రాలేదు. బైలాలు వస్తే ఇక్కడ ఎంత ఎత్తు, ఏ పైకప్పు, ఏ పూత అన్నది ముందే తెలుస్తుంది, ప్రతివాడూ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. 2018లో లోక్‌సభ ఒక సవరణ బిల్లు ఆమోదించింది, అది రాజ్యసభలో సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. అందులో వెసులుబాటు అడిగింది మాత్రం ప్రభుత్వ నిర్మాణాల కోసం, మనలాంటి ఇళ్ల కోసం కాదు.

కాబట్టి మీరు ఒక్కరే తిరగకండి. కోటలో మంజూరై ఆగిపోయిన ఇళ్లు మీది కాక ఇంకా ఉంటాయి, వాళ్లందరినీ కలుపుకుని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒకే దరఖాస్తు ఇవ్వండి. "నిషేధం ఎత్తేయండి" అని రాయకండి, అది కలెక్టరు చేతిలో లేదు. రెండే అడగండి. మంజూరైన డబ్బుని నిషేధిత ప్రాంతంలో మరమ్మతుకి వాడుకునేలా మినహాయింపు కోసం ప్రభుత్వానికి రాయమని. మరమ్మతు దరఖాస్తులు తీసుకోవడానికి, డ్రాయింగు గీసి పెట్టడానికి కోటలోనే ఒక రోజు క్యాంపు పెట్టమని. ఇంటికి నాలుగు వైపులా, పైకప్పుకి లోపలా బయటా ఇప్పుడే ఫొటోలు తీసి తేదీతో దాచుకోండి. వానలు మొదలయ్యాక తీస్తే ఉన్న గోడ ఎలా ఉండేదో చూపించలేరు. డ్రాయింగులో ఏమేం ఉండాలో మా దగ్గర ఉన్న నమూనా చూసి చెప్తాను, ఇల్లు ఎన్ని అర్రలో, పైకప్పు ఏమిటో ఇక్కడే రాయండి.