గురి మీదే చూపు: పరుగుపందేలకు సిద్ధమవుతున్న మనుమరాలికి

ప్రభువునందు ప్రియమైన మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ప్రార్థనకు మోకరించినా, స్టార్టింగ్ బ్లాకుల్లో కాళ్లు పెట్టినా మనసు ఒక్కచోట నిలవడం లేదని, పక్క లేన్లలో ఉన్నవాళ్ల గురించి, పోయిన మీట్‌లో వచ్చిన టైమింగ్ గురించి, పోటీ అయ్యాక ఎవరేమంటారో అన్న దాని గురించి ఆలోచనలు చుట్టుముడుతున్నాయని రాశావు. ఇది నీ విశ్వాసంలో లోపమేమోనని భయపడుతున్నావు. అలా అనుకోకు తల్లీ. బడిలో ఎన్నో ఏళ్లు పిల్లల్ని పరుగెత్తించినవాడిగా, సంఘపెద్దగా ఎందరితోనో కలిసి ప్రార్థించినవాడిగా నాకు అర్థమైంది ఇది: ఆలోచనలు రాకుండా మనసుకు ఎవరూ కాపలా కాయలేరు. మనం చేయగలిగిందల్లా చూపు నిలపడానికి ఒక గురిని ముందే నిర్ణయించుకోవడం, చెదిరిన ప్రతిసారీ తిరిగి దాని దగ్గరికే రావడం.

అపొస్తలుడైన పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ పట్టణానికి దగ్గరలోనే రెండేళ్లకొకసారి పెద్ద క్రీడోత్సవాలు జరిగేవి, గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. అందుకే ఆయన ఆ సంఘానికి పందెపు రంగం గురించి, వాడిపోయే కిరీటం గురించి రాస్తే వాళ్లకు విడమరిచి చెప్పవలసిన పని లేకపోయింది. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోనైతే వెనుక ఉన్నవి మరచి “గురి యొద్దకే పరుగెత్తుచున్నాను” అన్నాడు. వెనుక ఉన్నవి అంటే ఓటములు మాత్రమే కావు, గెలుపులు కూడా. పోయిన మీట్‌లో నీకు వచ్చిన పతకం కూడా రేపటి పరుగులో నీకు బరువే.

వెనక్కి చూడడం ఎలా ఉంటుందో తెలియాలంటే 1954 ఆగస్టు 7న కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన మైలు పందెం గురించి తెలుసుకో. అప్పటికి మైలు దూరాన్ని నాలుగు నిమిషాలలోపు పరుగెత్తినవాళ్లు లోకంలో ఇద్దరే, ఇంగ్లండుకు చెందిన రోజర్ బానిస్టర్, ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. ఆ రోజు ఇద్దరూ ఒకే పందెంలో ఉన్నారు. పందెంలో చాలా భాగం ముందున్న లాండీ, చివరి మలుపులో ప్రత్యర్థి ఎక్కడున్నాడోనని ఎడమ భుజం మీదుగా తల తిప్పాడు, సరిగ్గా అప్పుడే బానిస్టర్ కుడివైపు నుంచి అతణ్ని దాటిపోయాడు. బానిస్టర్ 3 నిమిషాల 58.8 సెకన్లలోనూ, లాండీ 3 నిమిషాల 59.6 సెకన్లలోనూ గీత దాటారు. ఆ ఒక్క చూపు వల్లే లాండీ ఓడాడని నేను అనను, బానిస్టర్ అప్పటికే వేగం అందుకుని వస్తున్నాడు. కానీ గొప్ప పరుగువీరుడి చూపు కూడా ఆఖరి మలుపులో పక్కకు వెళ్తుందని గుర్తుంచుకుంటే, నీ చూపు చెదిరినప్పుడు నిన్ను నువ్వు తిట్టుకోవడం మానేస్తావు.

ఇక ఎరిక్ లిడెల్ సంగతి. చైనాలో మిషనరీల ఇంట పుట్టిన ఈ స్కాట్లండ్ యువకుడు 1924 పారిస్ ఒలింపిక్స్‌లో తనకు బాగా పట్టున్న 100 మీటర్ల పందెంలో పరుగెత్తలేదు, ఎందుకంటే దాని హీట్స్, అంటే ఫైనల్‌కు ముందు జరిగే తొలి దశ పరుగులు, ఆదివారం పడ్డాయి. ఆరాధన దినాన పోటీకి దిగకూడదన్నది అతని నమ్మకం. ఈ కథ చెప్పేవాళ్లు అతని తెగువను మెచ్చుకుని ఊరుకుంటారు గానీ, నువ్వు నేర్చుకోవలసింది వేరే ఉంది. అతను ఆ నిర్ణయాన్ని పారిస్‌లో దిగాక తీసుకోలేదు. పోటీల పట్టిక తెలిసిన వెంటనే, నెలల ముందే తీసుకుని, ఆ నెలలన్నీ 400 మీటర్లకు సాధన చేశాడు. అందువల్ల పోటీ నాటికి అతని మనసులో తేల్చుకోవలసిన వాదనేదీ మిగల్లేదు. జులై 11న ఫైనల్లో అతనికి అన్నిటికంటే బయటి లేన్ వచ్చింది. నీకు తెలిసిందే, ఆ లేన్‌లో ఉన్నవాడు అందరికంటే ముందున్న గీత నుంచి పరుగు మొదలుపెడతాడు, తక్కినవాళ్లంతా వెనకే ఉంటారు గనుక అతనికి ఎవరూ కనిపించరు. అతను ఎవరి కోసమూ చూడకుండా పరుగెత్తి, 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. అదే ఒలింపిక్స్‌లో 200 మీటర్లలో అతనికి వచ్చింది కాంస్యమే. దేవుణ్ని నమ్మితే పతకం ఖాయమని నీకు ఎవరైనా చెబితే ఆ కాంస్యాన్ని గుర్తు చెయ్యి. ఆ మరుసటి ఏడాదే అతను సేవ కోసం చైనా వెళ్లిపోయి, 1945లో అక్కడే జపాన్ నిర్బంధ శిబిరంలో కన్నుమూశాడు. అతని గురి స్టేడియంలో ముగిసేది కాదు.

నువ్వు కూడా ముందే తేల్చుకోగలిగినవన్నీ ముందు రాత్రే తేల్చుకో. ఫోను ఎప్పుడు కట్టేస్తావో, ఏ వాక్యాన్ని రేపటికి పెట్టుకుంటావో, నీ 400 మీటర్ల పందెంలో మొదటి 200 మీటర్లు ఏ వేగంతో వెళ్తావో అన్నీ. దానియేలు ప్రవక్త రోజుకు మూడుసార్లు కిటికీ దగ్గర మోకరించేవాడు. వేళా చోటూ స్థిరంగా ఉండడంతో ప్రార్థించాలా వద్దా అన్న ఊగిసలాటకే తావు లేకపోయింది. మధ్యలో మనసు ఎటో పోతే కంగారుపడకుండా గొంతెత్తి ఒక కీర్తన చదువు, మన సంఘంలో పెద్దమ్మలు చేసేది అదే. చెడుగుడు ఆడేవాడు కూత పట్టి అవతలి జట్టులోకి వెళ్తాడు చూడు, ఆ కూత తెగిందా అతను ఔటే, అందుకే ఎన్ని చేతులు పైకి వచ్చినా దాన్ని వదలడు. నీకు “యేసువైపు చూచుచు” అన్న హెబ్రీ పత్రిక మాట అలాంటి కూత కావాలి, ఊపిరి తీసుకుంటూ ఒక పదం, వదులుతూ ఒక పదం.

కానీ ఒక జాగ్రత్త. “ఆన్ యువర్ మార్క్స్” అనేలోపే ప్రార్థన ముగించు. “సెట్” అన్నాక ఏ మాటా వద్దు, చెవి తుపాకీ మోతకే అంకితం కావాలి. 200 దాటి రెండో మలుపులో కాళ్లు సీసం పోసినట్లు బరువెక్కినప్పుడే మనసు పక్క లేన్ వైపు పరుగెడుతుంది, అక్కడ కూతను మళ్లీ అందుకుని, దవడ వదులు చేసి, భుజాలు దించి, చేతుల ఊపు మీదే ధ్యాస పెట్టు.

నిద్ర పట్టడం లేదని కూడా ఒక ముక్క రాశావు. బదరీ వృక్షం కింద కూలబడి చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందుగా చేసింది ఉపదేశం కాదు, నిద్రపోనిచ్చి, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినిపించాడు. కాబట్టి రాత్రి ప్రార్థన పేరుతో నిద్ర చెడగొట్టుకోకు. ఇంకో వారం ఇలాగే ఉంటే మీ కోచ్‌కు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు, అది విశ్వాసానికి విరుద్ధం కాదు.

చివరగా, వచ్చే మీట్‌లో నీ హీట్స్ ఆదివారం ఉదయం పడవచ్చని, ఏం చేయాలని అడిగావు. లిడెల్ తీర్మానాన్ని నీ మీద చట్టంగా రుద్దను, మన సంఘంలోనే దీని మీద రెండు రకాలుగా ఆలోచించేవాళ్లున్నారు. అమ్మానాన్నలతో, పాస్టరుగారితో మాట్లాడు, నీ మనస్సాక్షి ఏమంటుందో విను. ఎంట్రీలు పంపే గడువుకు ముందే తేల్చుకుని, మీ కోచ్‌కు స్వయంగా చెప్పి, ఆ తర్వాత నాకు రాయి. ఏ నిర్ణయమైనా సరే, ఆ ఉదయం నీ కోసం నేను ప్రార్థనలో ఉంటాను.

ప్రభువునందు,
నీ తాతయ్య