పెట్టె మూత మీది లెక్క

ప్రశ్న: మా తాత నిరుడు కాలం చేశారు. రాజాం దగ్గరి పల్లెలో 1945లో పుట్టి, 1964లో సైన్యంలో చేరి, 1979లో నాయక్ హోదాలో పింఛనుతో తిరిగివచ్చి, ఆ తరువాత చివరిదాకా నాలుగెకరాల్లో వరి, గోగు సాగు చేశారు. వచ్చే నెల సంవత్సరీకానికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం అచ్చువేయించి బంధువులకు పంచాలని ఇంట్లో అనుకుని, రాసే పని నాకు అప్పగించారు. "బంగ్లాదేశ్ యుద్ధంలో శత్రువులను చీల్చిచెండాడిన వీరుడు" అని మొదలుపెట్టమని మా పెదనాన్న పట్టుబడుతున్నారు. తాత మాత్రం యుద్ధం మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆయన నల్ల ట్రంకు పెట్టెలో డిశ్చార్జి పుస్తకం, నక్షత్రం ఆకారపు పతకం ఒకటి, గుండ్రటివి రెండు, మామ్మకు రాసిన ఇన్‌లాండ్ కవర్లు కొన్ని దొరికాయి. పెట్టె మూత లోపలివైపు 1980 నుంచి ఏటా ఎన్ని బస్తాల ధాన్యం వచ్చిందో పెన్సిలుతో రాసి ఉంది. డిశ్చార్జి పుస్తకంలో "డ్రైవర్, ఏ.ఎస్.సి." అని ఉండటం చూసి పెదనాన్న చిన్నబుచ్చుకున్నారు. ఏది రాయాలి, ఏది వదిలేయాలి?
— ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, తండ్రిని గొప్పగా చూపించాలన్న మీ పెదనాన్నగారి ఆరాటాన్ని నేను తప్పుపట్టను. అయితే తాతగారు బతికుండగా అనని మాటను ఆయన పోయాక ఆయన పేరుమీద అచ్చువేయడం తగదు. ఏ.ఎస్.సి. అంటే ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండిగింజలు, ఇంధనం, ఇతర సామగ్రి చేరవేసే విభాగం. 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుతో ముగిసింది. అడుగడుగునా ఏరు అడ్డుపడే తూర్పు బెంగాలులో ఆ పదమూడు రోజులూ ముందుకు కదిలిన సైన్యం వెనకే సరుకు కూడా కదలవలసి వచ్చింది. తాతగారు ఆ బండ్లలో ఒకటి నడిపి ఉంటే చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు, గర్వంగానే రాసుకోవచ్చు. నడిపారో లేదో ముందు తేల్చుకోండి.

అందుకు ఆధారాలు మీ చేతిలోనే ఉన్నాయి. ఆ నక్షత్రం పూర్వీ స్టార్ అయితే ఆయన తూర్పు రంగంలో పనిచేసినట్టు, పశ్చిమీ స్టార్ అయితే పశ్చిమ రంగంలో పనిచేసినట్టు. గుండ్రటి పతకాల్లో ఒకటి 1971 నాటి సంగ్రామ్ పతకం కావచ్చు. రెండవది 1965 నాటి రక్షా పతకమో, 1972 నాటి స్వాతంత్ర్య రజతోత్సవ పతకమో కావచ్చు. గుండ్రటి వాటి అంచును భూతద్దం పెట్టి చూడండి, సాధారణంగా సైనికుడి నంబరు, పేరు చెక్కి ఉంటాయి. డిశ్చార్జి పుస్తకంలో పతకాల వివరం కూడా ఉంటుంది కాబట్టి రెండూ సరిచూసుకోండి. ఇన్‌లాండ్ కవర్ల మీద తాతగారు రాసిన తన చిరునామా కూడా చదవండి: 99 ఏ.పి.ఓ. (సైన్యం తపాలా కార్యాలయం) అని ఉంటే కలకత్తా మీదుగా తూర్పు వైపు, 56 ఏ.పి.ఓ. అని ఉంటే ఢిల్లీ మీదుగా ఉత్తర, పశ్చిమ వైపు ఉన్నారని అర్థం చేసుకోవచ్చు. తేదీల వారీగా పేర్చుకుంటే ఆయన ఎప్పుడు ఎటువైపు ఉన్నారో చాలామటుకు తెలిసిపోతుంది. కవర్లు విప్పే ముందు మాత్రం మామ్మగారి అనుమతి తీసుకోండి, అవి ఆవిడకు వచ్చిన ఉత్తరాలు.

కాగితాలు చూసేటప్పుడు ఊరి పక్కన జిల్లా పేరు మారుతూ ఉంటే కంగారుపడకండి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న. తాతగారు పుట్టేనాటికి మీ ఊరు విశాఖపట్నం జిల్లాలోది. సైన్యంలో చేరేనాటికి శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో రాజాం ప్రాంతం విజయనగరం జిల్లాలో కలిసింది. ఉన్న ఇంట్లోనే ఉంటూ మూడు జిల్లాలవాడు అయిన మనిషి ఆయన. ఈ సంగతి ఒక్క వాక్యంలోనైనా రాయండి. రేపు మీ పిల్లలు ఆయన పాత కాగితాలు వెతుక్కునేటప్పుడు పనికివస్తుంది.

ఇక పెట్టె మూత. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది అదే. ఎవరూ అడగకపోయినా ఆయన ఏటేటా కూర్చుని రాసిన లెక్క అది. దాన్ని మంచి వెలుతురులో ఫోటో తీయించి, పుస్తకం మొదటి పుటలో వేయండి. ఆ తరువాత ఒక్కొక్క అంకె దగ్గరా ఆగండి. 2014కు ఎదురుగా ఎన్ని బస్తాలు ఉన్నాయో చూడండి. ఆ ఏడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఉభాలు (నాట్లు) అయి, కలుపులు తీసి, వరి ఈనే రోజులు అవి. అంకె పడిపోయి ఉంటే కారణం అదే కావచ్చు. తగ్గకపోయి ఉంటే పొలాన్ని ఎలా కాపాడుకున్నారో పక్క చేనువారిని అడగండి. మరునాడు పొలం గట్టు మీద ఆయన ఏమి చేశారో చూసినవారు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారు. పదమూడు రోజుల యుద్ధానికి పది పుటలు, నలభై పై చిలుకు పంటలకు ఒక పేరా అయితే ఆ పుస్తకంలో మీ తాత కనిపించరు.

మూత మీద లెక్క 1980లో మొదలయింది. అంతకు ముందు పదిహేనేళ్ళ పంట ఎవరిది? మామ్మగారి పెళ్ళి ఎప్పుడయిందో మీరు రాయలేదు. అయినా ఆవిడ కాపురానికి వచ్చిన నాటినుంచి 1979 వరకు ఆకుమడి పోయించింది, ఉభాలకు మనుషులను పిలిచింది, కళ్ళంలో రాశి దగ్గర నిలబడి కొలిపించింది ఆవిడే అయి ఉండాలి. జవానుకు ఏడాదికి రెండు నెలల వార్షిక సెలవు. ఆయన దాన్ని ఏ నెలల్లో పెట్టుకునేవారు, ఉభాలకా, కోతలకా? మనియార్డరు ఆలస్యమైన నెల ఇల్లు ఎలా గడిచింది? యుద్ధం వార్త ఊరికి ఎలా చేరింది, ఆయన క్షేమమన్న కబురు ఎన్నాళ్ళకు వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు ఏ రికార్డుల కార్యాలయంలోనూ దొరకదు. ఈ వారమే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆవిడ పక్కన కూర్చుని అడగండి. ఒక్క రోజులో అన్నీ రావు; మూడు నాలుగు రోజులు కూర్చోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. పుస్తకంలో ఆవిడ భాగాన్ని "సహధర్మచారిణి" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకండి.

గోగు గురించి వివరంగా రాయమని నా కోరిక. ఈ తరం పిల్లల్లో చాలామందికి ఆ పని తెలియదు. పూతకు వచ్చిన గోగును కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా నిలబెట్టి, చెరువులోనో బందలోనో ముంచి పైన బరువులు పెట్టి రెండు మూడు వారాలు ఊరనిచ్చేవారు. ఆ తరువాత నడుము లోతు కుళ్ళునీటిలో నిలబడి, కట్ట మొదళ్ళు చితగ్గొట్టి, పుల్లనుంచి నార ఒలిచి, అదే నీటిలో జాడించి ఆరవేసేవారు. మాదీ గోగు పండించిన ఇల్లే. ఆ రోజుల్లో మా నాన్న ఎన్నిసార్లు కుంకుడు రసంతో చేతులు తోముకున్నా ఆ వాసన పోయేది కాదు, ఆయన అన్నం కలిపి ముద్ద పెడితే మేము మొహం తిప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడైనా గోగు ఊరుతున్న నీటి పక్కనుంచి వెళితే కాసేపు ఆగకుండా ఉండలేను.

మీ పెదనాన్నగారు పుస్తకంలో తన మాట ఉండాలనుకుంటున్నారు, అది న్యాయమే. ఆయన యుద్ధం చూడలేదు గాని, తండ్రి పక్కన ఆ నీళ్ళలో దిగే ఉంటారు. గోగు పుటను ఆయనకు అప్పగించండి. ఆయన చెబుతూ ఉంటే మీరు రాసుకుని, మీ ఊరి మాటను గ్రాంథికంగా దిద్దకుండా, కింద ఆయన పేరు వేసి ప్రెస్సుకు పంపండి.